జిలేబీ తిప్పిన ఓడ

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఖాజావలికి కొడుకు పెళ్లి చేయడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత వచ్చే వలీమా విందు ఇంకో ఎత్తయి కూర్చుంది. పెళ్లి నెల్లూరులో దివ్యంగా జరిగిపోయింది. విందు మాత్రం ఆదివారం ఇక్కడ, సొంత ఊళ్లో. కొడుకు బ్యాంకు ఉద్యోగం చేస్తాడు, నెల్లూరులో నాలుగు విందులు చూసినవాడు. "నాయనా, ఇప్పుడు ఎవురూ చాపలేసి కూర్చోబెట్టడం లేదు. అంతా బఫే. బల్లల మీద వంటలు పెట్టేస్తే ఎవరికి కావల్సింది వాళ్లే పెట్టుకోని నిలబడి తింటారు" అని పట్టుబట్టినాడు.

ఆ మాట ఖాజావలి తల్లి చాంద్బీ చెవిన పడింది. అంతే.

"ఇంటికి పిలిచి నిలబెట్టి తిండి పెడతారా? తినే చేత్తోనే గరిటె పట్టుకుంటే ఒకరి ఎంగిలి మూడొందల మంది తినాల్నా? చేసుకోండి. నేను ఆదివారం పొద్దున బస్సుకే ఆత్మకూరు పోతా, కూతురింట్లో గంజి తాగతా" అనేసింది.

ఆమె మాటంటే మాటే. మొగుడు పోయినాక ఉప్పుకాయితంతో గరిటెలు రుద్ది రుద్ది ఈ ఇంటిని నిలబెట్టిన మనిషి. ఆమె లేకుండా విందేంది? అట్లాగని కొత్తగా పెళ్లయిన కొడుకు మాట కాదంటే వాడు మూతి ముడుచుకుంటాడు. ఖాజావలికి రెండు రోజులుగా చెక్కే గరిటె చెక్కుతున్నట్టే ఉంది గానీ మనసు చేతిలో లేదు.

ఆ సాయంత్రం వాళ్ల అరుగు మీద షామియానాలు బాడుగకిచ్చే ఖాదర్ బాషా కూర్చోనున్నాడు. "చాపలు తెమ్మంటావా, బల్లలు తెమ్మంటావా, అది తేల్చన్నా. రేపటికి నాకు కొండాపురంలో ఇంకో బేరం ఉండాది" అని ప్రాణం తీస్తున్నాడు. పక్కింటి కిరాణా కొట్టు చెంచురామయ్య కూడా గిరాకీ లేదని వచ్చి చేరినాడు. చాంద్బీ గుమ్మం పక్కన నులక మంచం మీద కూర్చోని గరిటెలు రుద్దుకుంటా ఉంది. ఎవరి వైపూ చూడడం లేదు. చెవులు మాత్రం ఇటే.

సరిగ్గా అప్పుడు వీధిలో పిచ్చయ్య కనబడినాడు.

పిచ్చయ్యది సీతారామపురం. నాలుగేళ్లు టూరిస్టు ఓడలో పనిచేసి, పదిహేను రోజుల కింద తిరిగొచ్చి ఇక్కడే ఉంటున్నాడు. టెర్లిన్ ప్యాంటు, మణికట్టుకి పెద్ద గడియారం. ఊరంతా ఓడ పిచ్చయ్య అంటారు. ఆ ఓడలో తెల్లోళ్లు రోజూ బఫేనే తింటారని వాడే ఎన్నోసార్లు చెప్పినాడు. ఖాజావలికి ఠక్కున ఆ సంగతి గుర్తొచ్చింది.

"ఒరే పిచ్చయ్యా, ఇట్లా రా. టీ తాగి పోదువు. ఓడలో అంతమంది ఒకే గిన్నెలో గరిటె పెడతారు కదా, ఎంగిలి కాకుండా ఎట్లా చూస్తారురా?"

పిచ్చయ్య అరుగెక్కి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కోని, తీరిగ్గా కూర్చున్నాడు.

"మంచి మాట అడిగినావన్నా. ఈ ఊళ్లో ఆ మాట అడిగినోడివి నువ్వొక్కడివే. అసలు ఆ ఓడలో ఎంగిలి చూసే ఆఫీసరు ఎవురనుకున్నావు? ముందు ఎవురూ లేరు. నేను చేరిన కొత్తల్లో ఒక దొరసాని వచ్చి, రొట్టెముక్క తీసుకోని, కొరికి, రుచి నచ్చక మళ్లీ గంపలోనే పెట్టేసింది. నేను చూసినాను. నా వొళ్లు మండింది. అయినా మర్యాదగా పోయి, 'మేడమ్, సారీ' అని పట్కారుతో ఆ ముక్క తీసి పక్కన పారేసినా. అంతే. అది కెప్టెను మేడ మీద నుంచి చూసినాడు."

"ఆమెను కేకలెయ్యలేదా?" అని చాంద్బీ మంచం మీద నుంచి అడిగింది.

"ప్యాసింజర్లను కేకలెయ్యకూడదవ్వా, రూలు. కంటితోనే చెప్పాల. కెప్టెను నన్ను పిలిచి, 'పిచ్చయ్యా, ఈ పొద్దు నుంచి గరిటెలన్నీ నీ కింద' అన్నాడు. ఇంక చూసుకో. ఒకడు సూపు గరిటె ఎత్తి నేరుగా నోట్లో పెట్టుకుంటాడు. ఇంకొకడు ఏడ్చే పిల్లోడిని ఎత్తుకోనొచ్చి వాడి చెయ్యి ఐస్‌క్రీములో ముంచుతాడు, చల్లగా ఉంటాదని! సూటూ బూటూ చూసి మర్యాదస్తులనుకుంటాం గానీ, ఊరికే వచ్చే తిండి ఎదురుగా ఉంటే మనిషి మనిషి కాదన్నా. అప్పుడు నేనేం చేసినానో చెప్పమంటారా?"

"చెప్పు మరి" అన్నాడు ఖాదర్ బాషా, కొండాపురం బేరం మర్చిపోయి.

"వాకిట్లో కుళాయి పెట్టించి, చేతులు కడగందే లోపలికి రానిచ్చేది లేదన్నా. రెండువేల మంది! వరస ఓడ చుట్టూ మూడు చుట్లు తిరిగింది. చివరోడు చేతులు కడుక్కోని లోపలికొచ్చేసరికి మొదటోడికి మళ్లీ ఆకలేసి వరసలో వాడి ఎనక నిలబడినాడు. ఇంక ఆ వరసకి మొదలూ చివరా లేకుండా పోయింది. మూడు రోజులు ఎవురు టిఫిను తింటా ఉండారో, ఎవురు రాత్రి అన్నం తింటా ఉండారో కెప్టెనుకే తెలియలా."

"అన్ని నీళ్లు ఎక్కడివిరా?" చెంచురామయ్య అనుమానంగా అడిగినాడు.

"చుట్టూ ఉండేదేంది మామా, సముద్రమే కదా!"

ఖాజావలికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. వాడు చెప్పేదాంట్లో ఏదో ఒకటి ఆదివారానికి పనికొస్తాదేమోనని ఆశ.

"అది కాదు లెండి. తుమ్ము సంగతి చెప్తా వినండి. ఒక జర్మనీ దొర, తాటిచెట్టంత మనిషి, కోడికూర గిన్నె ముందర నిలబడి ముక్కు ఎగబీలుస్తా ఉండాడు. తుమ్ము వచ్చేస్తా ఉండాది. కూర మీద పడిందంటే రెండువేల మందికీ జలుబు! మూత కోసం చూసినా, లేదు. ఇంకేం చేస్తాను? ఎగిరి వాడి తల రెండు చేతుల్తో పట్టుకోని కిటికీ వైపు తిప్పేసినా. తుమ్మినాడన్నా! ఏం తుమ్ము అది! బయట ఎవురో చేపల పడవోళ్లు మా వైపు వస్తా ఉండారు, ఆ గాలికి వాళ్ల తెరచాప నిండి, వచ్చినదారినే వెనక్కి పోయినారు. పాపం, వాళ్ల ఊరికి పొద్దుండగానే చేరినారంట, తర్వాత ఉత్తరం రాసినారు."

"నీకా ఉత్తరం?" అన్నాడు ఖాదర్ బాషా.

"కెప్టెనుకి. నాకు నమస్కారాలు చెప్పమని రాసినారు."

టీ వచ్చింది. పిచ్చయ్య గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు, మాట ఊపులో ఉన్నాడు. చాంద్బీ చేతిలో గరిటె కూడా ఆగిపోయింది.

"ఇదంతా ఒక ఎత్తు. అసలు కథ జిలేబీది. ఒకనాడు పెద్ద వంటవాడికి జొరమొచ్చి పడుకున్నాడు. తీపి లేదు. 'ఏం చేద్దాం పిచ్చయ్యా' అని కెప్టెను. మన ఆత్మకూరు బజారులో చూసిన చూపే కదా, పిండి కలిపి నూనెలో చుట్టలు తిప్పి జిలేబీ చేసి, ఓడకి ఎడమ పక్కన బల్ల మీద పెట్టినా. తెల్లోళ్లకి ఆ వాసన కొత్త. ఒకడు తిన్నాడు, ఇంకొకడికి చెప్పినాడు. అంతే, రెండువేల మందీ ఎడమ పక్కకి పరుగు! ఓడ వొరిగిపోయిందన్నా. ప్లేట్లు, కుర్చీలు, పియానో, అన్నీ జారతా ఉండాయి. ఎడమ పక్క కిటికీల్లో నీళ్లు, చేపలు లోపలికి తొంగి చూస్తా ఉండాయి. ఆడోళ్లు ఏడుపు. అయినా ఒక్కరూ జిలేబీ వదల్లా! అప్పుడు నేను జిలేబీ బేసిను నెత్తిన పెట్టుకోని కుడి పక్కకి పరిగెత్తినా. జనం నా ఎనక. ఓడ నిటారుగా లేచి కూర్చుంది."

"శభాష్" అన్నాడు ఖాదర్ బాషా తొడ మీద చరుచుకుంటా.

"శభాష్ అప్పుడేనా! అదే సమయానికి ఓడ స్టీరింగు విరిగింది. ఎదురుగా ఏనుగులంత బండరాళ్లు. కెప్టెను నా చేతులు పట్టుకోని, 'నాయనా పిచ్చయ్యా, ఇంక నీ జిలేబీనే దిక్కు' అని ఏడ్చినాడు. నేను మేడెక్కి చూసుకోవడం, ఎడమకి తిరగాలంటే బేసిను ఎడమకి, కుడికి తిరగాలంటే కుడికి. జనం ఇటు పరిగెడితే ఓడ ఇటు, అటు పరిగెడితే అటు. రెండు రాళ్ల మధ్యన సందులో, గాజుల చెయ్యి కూడా దూరని సందులో, ఓడను పోనిచ్చి సింగపూరు రేవులో నిలబెట్టినా. రేవు ఆఫీసరు వచ్చి, ఇంత వొడుపుగా ఓడ నడిపిన కెప్టెను ఎవురని అడిగితే, మా కెప్టెను నా వైపు వేలు చూపించినాడన్నా. అప్పుడు ఆ రెండువేల మందీ లేచి..."

"పిచ్చయ్యా" అంది చాంద్బీ. "ఇట్లా రా నాయనా."

వాడు మాట మధ్యలో ఆపి, టీ గ్లాసు అరుగు మీద పెట్టి పోయినాడు. ఆమె వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది, వెలుతురు వైపు తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పాలిపోయి చీలికలు పడి ఉంది. గోళ్లు సగానికి సోడా తినేసినట్టు అరిగిపోయి ఉన్నాయి. అరచేతిలో గీతలే లేవు. గిన్నెలు తోమే ఇల్లాలికి ఇట్లాంటి చేతుల్ని గుర్తుపట్టడం ఒకరు నేర్పాల్నా?

"ఇవి గరిటె పట్టిన చేతులు కావురా" అంది ఆమె. "గిన్నెలు తోమిన చేతులు."

చెంచురామయ్య పకపకా నవ్వినాడు. ఖాదర్ బాషాకి తాగే టీ ముక్కులోకెక్కింది. "ఓడ తిప్పినోడా! అంట్ల ఓడ తిప్పినావురా!" అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడినారు.

"ఊరుకోండి" అంది చాంద్బీ. గట్టిగా అనలేదు. అయినా ఊరుకున్నారు.

పిచ్చయ్య చేతులు వెనక్కి లాక్కోలేదు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. ఖాజావలికి వాడి మీద జాలి కలిగింది, దాంతోపాటు నిరాశ కూడా. తను అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉండిపోయింది.

"అయితే నువ్వు బఫే చూళ్లేదా పిచ్చయ్యా?"

"లేదన్నా." వాడి గొంతు మారిపోయింది. "మమ్మల్ని పైకి రానీరు. కింద, ఇంజను పక్కన, ప్లేట్లు కడిగే గది. నాలుగేళ్లు అక్కడే. పైన ఎవురెట్లా తింటారో నాకు ప్లేట్లే చెప్పేవి. నిండుగా పెట్టుకోని ముట్టకుండా వదిలేసిన కోడి. పాయసంలో ఆర్పిన సిగరెట్టు. ఒక్క పక్క కొరికిన పండ్లు, ఒకే ప్లేటులో ఆరు. ఒకసారి కట్టుడుపళ్లు వచ్చినాయి, పేపరు రుమాల్లో చుట్టి. గరిటెలైతే పిడి వరకూ జిడ్డు, నూనె, పిల్లోళ్ల పళ్ల గాట్లు కూడా ఉండేవి కొన్నిటికి. ఇంత తిండి పెట్టుకున్నోడు ఎందుకు తినలేదబ్బా అని మొదట్లో ఆలోచించేవాణ్ణి."

ఇప్పుడు నవ్వేవాళ్లు లేరు. ఓడ బండరాళ్ల మధ్య దూరినప్పటికంటే దగ్గరికి జరిగి వింటున్నారు. ఎందుకో ఖాజావలికి ఆ ప్లేట్లు కళ్ల ముందు కనబడినాయి.

"ఎప్పుడూ అట్లానే వచ్చేవా?" అని అడిగింది చాంద్బీ.

"ఒక్క వారం రాలేదవ్వా. పైన ఏదో కడుపు జబ్బు పుట్టి, సగం మంది మంచాలెక్కినారంట. గరిటెల మీద చేతులు పడే వచ్చిందని డాక్టరు చెప్పినాడంట. అప్పుడు గరిటెలు జనానికివ్వకుండా, గిన్నె గిన్నెకీ మనిషిని నిలబెట్టి వడ్డించినారు. ఎవురికెంత కావాలో అడిగి పెట్టినారు. ఆ వారం ప్లేట్లు ఖాళీగా దిగినాయి. నాకు సగం పని తగ్గింది."

"వడ్డించను నిన్ను పిలవలేదా?"

"కింద నుంచి ఎనిమిది మందిని తీసుకున్నారవ్వా. నన్ను చూసి, చేతులు చూసి, వద్దన్నారు."

చాంద్బీ వాడి చేతులు వదల్లేదు. తర్వాత ఖాదర్ బాషా వైపు తిరిగింది.

"బల్లలు తే. చాపలు కూడా తే. నిలబడేవాళ్లు నిలబడతారు, కూర్చునేవాళ్లు కూర్చుంటారు. గరిటె మాత్రం మన మనిషి చేతిలోనే ఉండాల. వచ్చినోళ్లని అడిగి వడ్డించాల. వలీ, నీ కొడుక్కి చెప్పు, వాడు చెప్పిన బఫే ఇదేనని."

"మరి ఆత్మకూరు బస్సు?" అన్నాడు ఖాజావలి మెల్లగా.

"ఆ బస్సెక్కి ఎవురు పోతారు? ఇంట్లో విందు పెట్టుకోని."

ఖాజావలికి రెండు రోజుల బరువు దిగిపోయింది. ఖాదర్ బాషా ఇన్ని బల్లలు, ఇన్ని చాపలు అని వేళ్లు మడుచుకుంటా లేచినాడు. చెంచురామయ్య బియ్యం సంగతి ఎత్తినాడు.

చాంద్బీ లోపలికి పోయి చిన్న సీసాలో వెన్నపూస తెచ్చి పిచ్చయ్య చేతిలో పెట్టింది. "రోజూ రాత్రి రాసుకో. ఆదివారం తెల్లచొక్కా వేసుకోని పొద్దున్నే రా. బిర్యానీ గిన్నె వెనక నువ్వే నిలబడాల."

పిచ్చయ్య ఆ సీసా వైపు చూసినాడు, ఆమె వైపు చూసినాడు. గొంతు సవరించుకున్నాడు. నెమ్మదిగా వాడి వీపు నిటారయింది, మెడ లేచింది.

"ఎంతమందవ్వా?"

"మూడొందలు."

"మూడొందలేనా! ఓడలో నేనైతే ఒంటి చేత్తో..."

"ఓడ మాట ఎత్తినావంటే" అంది చాంద్బీ, "గిన్నెలు తోమను పంపిస్తా."