డ్రమ్ము లేని పాట

బేకరీ వెనక గదిలో అన్న పిండి పిసుకుతున్నాడు. పాటలు కట్టి పాడే చెల్లెలు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“కొత్త పాట, అన్నయ్యా. ఒక్కసారి విను.”

“మళ్ళీ మబ్బుల్లో తేలే పాటేనా? నాకు నిద్రొస్తే ఇక్కడ రొట్టెలు మాడిపోతాయి.”

“కాదు, ఇది డాన్సు పాట.”

“నువ్వా? డ్రమ్ము మోగితే పాట పాడవుతుందని నన్ను బ్యాండులోంచి పంపేసింది నువ్వే కదే!”

“అప్పుడు నాన్న పోయిన కొత్త. చిన్న చప్పుడైనా గుండె దడదడలాడేది. కళ్ళు మూసుకుని పడుకోవాలనిపించేది. పాటలూ అలాంటివే వచ్చాయి. మూడేళ్ళయింది. ఇప్పుడు లేచి తిరగాలనుంది.”

ఆమె పాట పెట్టింది. అతను పిండి పిసుకుతూనే సగం దాకా విన్నాడు.

“ఈ డ్రమ్ము ఎవరే కొట్టింది?”

“ఎవరూ కాదు. కంప్యూటరు.”

“అనుకున్నా. తప్పూ లేదు, ఊపూ లేదు.”

“మరి నీ కాలెందుకు ఆడుతోంది?”

“పాట బాగుంది కాబట్టి. డ్రమ్ము మాత్రం నేనొప్పుకోను.”

“ఆ మాట కోసమే వచ్చాను. శనివారం ప్రోగ్రాం ఉంది. వాయిస్తావా?”

“నాన్న కొనిచ్చిన డ్రమ్ములు ఇంట్లో అటక మీదున్నాయి. ఈ రొట్టెలు దించేసి వస్తా. నిచ్చెన నువ్వు పట్టుకోవాలి.”