రాయమల్లు కాపలా కాసిన సీతాఫలం

ఘుగ్గుస్‌లో మా గని కాలనీకి ఎస్టీడీ బూత్ వచ్చిన మరుసటేడు, దసరా దాటిన వారానికి, అనసూయ చాయ్ బండి దగ్గర ఒక్క సీతాఫలం మీద పెద్ద పంచాయితీ నడిచింది. రాజురా దగ్గరి తల్లిగారింటి నుంచి ఆమె తెచ్చిన గంపలో అదే ఆఖరిది. రెండు రోజులు బియ్యంలో మాగబెట్టి, ఆ మధ్యాహ్నం బల్ల మీద పెట్టింది.

"సరిగ్గ పండిన గడియ ఎవరు చెప్తె వాళ్లదే పండు," అన్నది.

"గిప్పుడే పండింది, ఇటియ్యి," అని మల్లవ్వ చెయ్యి చాపింది. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. ఏడాది మొత్తంలో ఆమె నమిలే పని లేకుండా తృప్తిగా తినే పండు సీతాఫలమే.

రాయమల్లు అడ్డం పడ్డాడు. బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి.

"ఆగు అత్తా! తొందరపడి ఇప్పితే నోట్లె ఇసుక లెక్క గరగర అంటది. ఆలస్యమైతే చీమలపాలు. గడియ చెప్పేటోణ్ణి నేనున్న గదా. దీన్ని చేతితోని గాదు, ముక్కుతోని చూడాలె."

కండ్లు గట్టిగా మూసుకొని, ముక్కు పండు దిక్కు పెట్టి కూర్చున్నాడు. కూర్చున్నాక ఊరుకుంటాడా?

"పోయినేడు ఏం చేసిన్నో తెలుసా? కోర్పనా దిక్కు మా బామ్మర్ది చేన్ల ఒక పండు ఇచ్చిండు. ముట్టుకుంటె పగిలే పండు. రుమాలుల చుట్టి నెత్తిన పెట్టుకొని, సైకిల్ మీద ఇక్కడిదాక తెచ్చిన. ఒక్క గీత పడలే."

"గా గుంతల రోడ్డు మీదనా?" అన్నాడు పక్కన కూర్చున్న లస్మయ్య.

"గుంత వచ్చినకాడ సైకిల్‌నే భుజం మీద ఎత్తుకున్న. అసలు సంగతి విను. ఉప్పర్వాహి సిమెంట్ ఫ్యాక్టరీ కాడికి రాంగనే వాసన లేసింది. సిమెంట్ లారీలు, బొగ్గు లారీలు, రెండు దిక్కుల ఆగినయి. డ్రైవర్లు ఆపలే, లారీలే ఆగినయి! దుమ్ము గూడ కిందికి దిగి కూసున్నది. పదిహేనేండ్లకు మొదటిసారి అక్కడి జనం ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఒకడైతే పెండ్లాన్ని చూసి, 'నువ్వు గింత తెల్లగుంటవా' అన్నడు."

మల్లవ్వ నెమ్మదిగా పండును తన ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలు ఆనించగానే అది రెండు చిప్పలుగా విచ్చుకుంది. అనసూయ నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది.

"తర్వాత ఏమైంది అల్లుడా?" అన్నది మల్లవ్వ, మొదటి తొన నోట్లో వేసుకుంటూ.

"తర్వాతనా? ఎస్టీడీ బూత్‌లకు పోయి బల్లార్షాల ఉన్న మా చెల్లెకు ఫోన్ కలిపిన. హలో అనకముందే, 'అన్నా, సీతాఫలం తెచ్చినవా' అన్నది! వాసన తీగెల పడి పోయింది మరి. అప్పటి సంది ఆ ఫోన్ల తిట్టుకుందామని పోయినోళ్లు గూడ తియ్యగ మాట్లాడి వస్తున్నరు."

"ఇంతకు తిన్నదెవరే?" అన్నాడు లస్మయ్య, మల్లవ్వనే చూస్తూ.

"ఎవరేంది? మొదటి షిఫ్టు దిగినోళ్లు, రెండో షిఫ్టు ఎక్కేటోళ్లు, అందరు! ఒక్క తొన తీస్తె దాని జాగల రెండు ఊరుతున్నయి. ఊసిన గింజలు కుప్పైతే లారీకెత్తిన్రు. కాంటా మీద పెడితె పదకొండు టన్నులు. తూకం చిట్టీ నేనే రాసిన."

"ఊఁ... ఊఁ," అన్నది మల్లవ్వ. అంతకంటే మాట్లాడటానికి ఆమె నోట్లో చోటు లేదు.

రాయమల్లు ముక్కుపుటాలు ఉబ్బాయి. చెయ్యి పైకెత్తాడు.

"ఆగున్రి! ఎవ్వరు మాట్లాడకున్రి! ఇందాక లేదు, ఇప్పుడు వాసన లేస్తుంది. ఇంక కొంచెం... కొంచెం... ఇగో! గిదే గడియ! పండింది!"

కండ్లు తెరిచాడు. మల్లవ్వ ఒళ్లో తొక్కలు, అరచేతిలో నల్లటి గింజలు, గడ్డం మీద తెల్లటి గుజ్జు.

"నీ ముక్కు మంచిదే అల్లుడా," అన్నది ఆమె. "గానీ గిది నా నోటి వాసన. పండు నువ్వు ఉప్పర్వాహి దాటకముందే పండింది."

అందరం ఒక్కసారే నవ్వాం. రాయమల్లు మాత్రం తగ్గలేదు.

"అట్లైతె పచ్చిదే తిన్నవ్. గరగర అన్నదా, లేదా? నిజం చెప్పు!"

తొక్క అడుగున మల్లవ్వ ఒక తొన మిగిల్చింది. "నోరు తెర్వు," అని దాన్ని అతని నాలుక మీద పెట్టింది.

అనసూయ పెట్టిన చాయ్ మరిగి, పొంగి, దించేదాకా రాయమల్లు ఆ తొననే చప్పరించాడు. గుజ్జు అయిపోయినా గింజ మాత్రం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి తిరుగుతూనే ఉంది.