జీపు నిండేలోపు ఆట

"తాతా, చదరంగం పోటీలో పెద్దోళ్ళ గుంపులో ఆడితే అన్నీ ఓడిపోతాను కదా. మా వయసోళ్ళ గుంపులో అయితే కప్పు గ్యారంటీ. దేనికి పేరిమ్మంటావు?"

అడగడం బాగానే అడిగావు గానీ, ముందిలా కూచో. ఆ ఫోను పక్కన పెట్టు. మూడు రోజుల నించీ చూస్తన్నాను, దాంట్లో లెవెల్ తగ్గించుకుని ఆడుతున్నావు. గెలుస్తున్నావు, ఆవలిస్తున్నావు. తిట్టడం లేదమ్మా. నేనూ ఆ బాపతు మనిషినే, అందుకని తెలిసింది.

నేను చింతపల్లిలో కాఫీ తోటల ఆఫీసులో గుమస్తాగా చేరిన కొత్తలో సంగతిది. డిగ్రీ అయింది, పెళ్ళి కాలేదు. మీ నాయనమ్మని చూడ్డానికి వెళ్ళింది ఆ మరుసటేడు... కాదు, ఆ ఏడే, మిరియాలు కోసే రోజులు. అది వేరే కథలే. చదరంగం నాకు విశాఖపట్నంలో కాలేజీ హాస్టల్లో పట్టుబడింది. ఆఫీసులో ఆడేవాళ్ళు ముగ్గురు. స్టోరుకీపరు ఎత్తు వేసి మళ్ళీ వెనక్కి తీసుకునే రకం. అకౌంటెంటు గారికి గుర్రం ఎలా నడుస్తుందో రోజూ చెప్పాలి. మూడో ఆయన మేనేజరు గారు. ఆయన ఓడిపోతే ఆ రోజు సెలవు చీటీ మీద సంతకం పడదు. అందుకని శనివారం పూట సెలవు కోసం శుక్రవారం మాత్రం నేనే ఓడిపోయేవాణ్ణి, మిగతా రోజులన్నీ నావే. ఈ మన్యంలో నన్ను కొట్టేవాడు లేడనుకున్నాను. ఎవరితో ఆడి అనుకున్నానో చూడు మరి.

మాది నర్సీపట్నం దిగువన ఊరు కదా, శనివారం మధ్యాహ్నం ఇంటికి పోయేవాణ్ణి. జీపు ఛార్జీ ఆరు రూపాయలు. ఐదా? ఆరే. జీపుకి టైమంటూ ఉండేది కాదు, నిండితే కదిలేది. ఎనిమిది మంది పట్టే బండిలో పద్దెనిమిది మంది ఎక్కాలి. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. చలికాలం మంచులో నిలబడితే చెవులు కొయ్యబారిపోయేవి. మా అమ్మ మఫ్లర్ అల్లి పంపింది గానీ అది ఎర్రది, సిగ్గేసి కట్టుకునేవాణ్ణి కాదు.

ఆ స్టాండులో సోమన్న అని, జీపు టాపు మీద మూటలు కట్టే మనిషి ఉండేవాడు. కొండ మీద ఊరు వాళ్ళది, కాస్త కాఫీ, కాస్త రాగులు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పెట్టె మూత ఒకటి సంపాదించి, బొగ్గుతో గళ్ళు దిద్దుకున్నాడు. పావుల బలగాన్ని కాఫీ కర్రతో తనే చెక్కాడు. ఏనుగులకి తొండాలు కూడా ఉన్నాయి, బుల్లివి, వంకరగా. కుర్రతనంలో ఓ సర్వేయరు దగ్గర భూమి కొలిచే గొలుసు మోశాడట, ఆయన డేరాలో నేర్పాడట ఆట. అవన్నీ నాకు తరవాత తెలిశాయి. మొదటి రోజు మాత్రం, పాపం కాలక్షేపానికి ఆడుతున్నాడు, ఒక ఆట చూపిద్దాం అని కూచున్నాను.

పది ఎత్తుల్లో నా ఆట కట్టింది. ప్రయాణం హడావుడిలే అనుకున్నాను.

రెండో శనివారం ఆటలో నా పని అయిపోవస్తూ ఉండగా జీపు నిండింది. సోమన్న మూటలు కట్టడానికి లేచాడు, నేను ఎక్కేశాను. సోమవారం ఆఫీసులో ఏం చెప్పానంటావు? ఆట తేలలేదన్నాను. అబద్ధం కాదు కదా. అక్కడ మరిగాను నేను. ఆట బాగున్నంత సేపూ జీపు గోల పట్టేది కాదు. అటూ ఇటూ అయిందో, లేచి నిలబడి నేనే జనాన్ని పిలిచేవాణ్ణి, "నర్సీపట్నం, నర్సీపట్నం, బేగి రండి" అని. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఇదీ వాలకం. నవ్వకు. చాలా వారాలు నడిచింది ఆ బండి. ఆ మొదటిది వదిలేస్తే ఒక్క ఆటా పూర్తిగా ఓడిపోలేదు, ఒక్కటీ గెలవనూ లేదు.

ఒక రోజు అలాగే కేకలేసి జీపు నింపి, ఓ కాలు మెట్టు మీద పెట్టాను. సోమన్న టాపు మీద తాడు బిగిస్తున్నాడు. అక్కణ్ణించి అన్నాడు, "గుమస్తాబాబూ, నీ గొంతు ఇనబడిందంటే నీ మంత్రి పోనాదని ఈ స్టాండులో అందరికీ తెలుసు."

జీపంతా నవ్వింది. అల్లం బస్తా మీద కూచున్న ముసలామె, "ఊరుకోరా సోమన్నా, గుంటడి మొకం మాడిపోనాది" అంది. అది ఇంకా అన్యాయం.

సోమన్న కిందికి దిగాడు. నవ్వడం లేదు. మెల్లిగా, నాకొక్కడికే వినబడేలాగ అన్నాడు. "ఎలితే ఎల్లు బాబూ. పైవారం నుంచి నీతో ఆడను. తేలని ఆట నాకేటికి?"

ఆ మాట నవ్వుల కంటే గట్టిగా తగిలింది. ఎందుకో అప్పుడు తెలీలేదు గానీ, ఈ మనిషి ఆడనంటే నాకిక ఆ స్టోరుకీపరూ ఆ గుర్రం తెలీని అకౌంటెంటే గదా అనిపించింది. జన్మంతా శుక్రవారం ఓడిపోతూ బతకాలి. కాలు దించేశాను. నా సీటులో వేరే అతను ఎక్కాడు, జీపు వెళ్ళిపోయింది.

కూచుని, ఆట ఆపిన చోటి నుంచే ఆడాను. ఆరు ఎత్తుల్లో ఓడిపోయాను. పూర్తిగా, రాజు మూలకి పోయి కదలలేక. ఏమీ కాలేదు. ఆకాశం అక్కడే ఉంది. అప్పుడు సోమన్న బలగాన్ని మళ్ళీ అంతకు ముందున్న చోటే పెట్టి, గళ్ళ మూతని అటుదిటు తిప్పేశాడు. "ఇప్పుడు నాది నువ్వాడు, నీది నానాడతాను" అన్నాడు. గెలిచే పక్క నాకిచ్చాడన్నమాట. అటు నించీ నేనే ఓడిపోయాను. ఒకే ఆట, రెండు పక్కలా.

"ఎలాగ సోమన్నా?" అన్నాను.

"నువ్వు నీ ఎత్తే సూత్తావు. నానేటి సేత్తానో సూడవు."

అంతే, అంతకు మించి పాఠం చెప్పలేదు. వారం వారం ఓడిపోయాను. అతను మూత తిప్పడం, నేను మళ్ళీ ఓడిపోవడం. రెండు జీపులు వదిలేసి మూడో దానికి పోయేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ, కొండ మీద ఎవరో ఆడగుంట తగిలిందనుకుని మా మేనమామ చేత అడిగించింది. చదరంగమంటే ఆయన నమ్మలేదు. మెల్లిగా ఒక మార్పు వచ్చింది. ఎత్తు వెయ్యబోయి చెయ్యి ఆపడం అలవాటయింది. ఇది వేస్తే సోమన్న ఏమంటాడు అని నన్ను నేనే అడగడం. పది ఎత్తుల్లో పోయేది ఇరవై దాకా వచ్చింది, తరవాత నలభై. ఆఫీసులో ఆట చప్పబడిపోయింది. మేనేజరు గారిని శుక్రవారం కూడా కొట్టేశాను. రెండు వారాలు సెలవు లేదు, అది వేరే సంగతి.

ఓ వానాకాలం పోయి, మళ్ళీ కాఫీ పళ్ళు ఎర్రబడే రోజులు. మూత మీద ఇద్దరు రాజులు, నా బంటు ఒకటి, అంతే మిగిలాయి. నా రాజుని బంటుకి ముందు నడిపించాను. అదీ అతని దగ్గర ఓడి ఓడి చూసిందే. జీపు నిండిపోయింది. డ్రైవరు హారను కొడుతున్నాడు. సోమన్న లేవలేదు.

"మూటలు కట్టవేటి?" అని కేకలేశాడు డ్రైవరు.

"నువ్వే కట్టుకోరా" అన్నాడు సోమన్న, తల ఎత్తకుండా. జీపు మీద మూట తాడు మరొకణ్ణి ముట్టనిచ్చే మనిషి కాదు అతను.

చాలా సేపు చూశాడు. అతని రాజు ఒక్క గడి దూరంలో ఆగిపోయింది, నా బంటు దాటిపోయింది. తన రాజుని వేలితో పడుకోబెట్టాడు. మొహం చూడ్డానికి నాకు భయమేసింది. చూస్తే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"సర్వేయరు బాబు ఎలిపోనాక నన్నెవడూ కొట్టలేదు" అన్నాడు. "ఎన్నేళ్ళో. ఓడిపోవడం ఎలాగుంటాదో మరిసిపోనాను. కూకో, ఇంకోటెయ్యి."

అర్థమైందా అమ్మా? నేను అతని దగ్గర ఓడిపోయి నేర్చుకుంటున్నాననుకున్నాను. అతనికి ఆ పాటి మనిషి కూడా లేక, ఒకణ్ణి తయారు చేసుకున్నాడు, అన్ని శనివారాలు ఓపిక పట్టి. ఆ తరవాత వారం కొత్త ఆట ఆడాడు. శకటుని అలా దాచి ఉంచి తీస్తాడని నేను కల్లో కూడా అనుకోలేదు. చిత్తుగా ఓడిపోయాను. ఎంత సంతోషమేసిందో.

నేను చెప్తే పేరిస్తావని కాదు, నీ ఇష్టం. కప్పు కావాలనిపిస్తే తెచ్చుకో, తప్పేం లేదు. కానీ తల్లీ, నిన్ను ఓడగొట్టే మంచోళ్ళు నీకు దొరకాలి. వాళ్ళు కాస్త జరిగి, రా కూచో అనాలి. నువ్వు పెద్దదానివయ్యాక నీ ఎదర ఓ చిన్న గుంట కూచుని నిన్ను కొట్టాలి, నువ్వు అలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాలి... సోమన్న అలా నవ్వేవాడమ్మా, ఏం చెప్పను...