చివరి గది ఖాళీ

లేదంటారేంటి బాబూ? మా తోడికోడలు లేదా? నలభై ఏళ్ళు నా పక్క గోడకే కాపురం చేసిన మనిషి, ఇప్పుడు మీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని దగ్గుతోంది. వినపడట్లా? ఆ దగ్గేదెవరు మరి, గాలా?

తిప్పండి, తిప్పండి. వేలు తడి చేసుకుని మరీ తిప్పండి. కాఫీ తోట మూతపడింది, కూలోళ్ళ గదులు పడగొట్టేస్తాం, పాత జనాభా లెక్కలో పేరున్నవాళ్ళకే ఇంటి జాగా అన్నారు. బాగుంది! ఆ లెక్క ఎలా రాశారో ఎవరైనా అడిగారా? నన్నడగండి. నేనున్నానక్కడ.

లెక్కలాయన జీపు దిగి తిన్నగా మేనేజరు వరండాలో కుర్చీ ఎక్కాడు. మేనేజరు ముందు చెట్లు అప్పజెప్పాడు. రెండు లక్షల పధ్నాలుగు వేల ఆరొందల మూడు. ఆ మూడు చూడండి! పురుగు పట్టినవి వేరే, కాపుకొచ్చినవి వేరే. మరి మనుషులో? "ఓ నాలుగొందలు వేసుకోండి" అన్నాడు. థూ! పురుగు పట్టిన చెట్టు పాటి చెయ్యలేదు మేం.

పేర్లు కావాలన్నాడాయన. మా గదుల దాకా వస్తే బూట్లకు బురదంటుకోదూ? ఐదో తరగతి చదివినదాన్నని నన్ను పిలిపించారు. నేను చెప్పడం, ఆయన రాయడం. తలెత్తి నా మొహమైనా చూడలేదు మహానుభావుడు!

ఆఁ? చివరి గదా? వస్తున్నా ఉండండి. నలభై ఏళ్ళు ఆగింది, ఇంకో నిమిషం ఆగలేదా?

చివరి గది తోడికోడలిది. అప్పుడే మా ఇద్దరికీ చెడింది. దేనికంటే నవ్వుతారు. తీగ మీది నా చీర లాగి బురదలో పడేసి, తన పిల్లల బట్టలు ఆరేసుకుంది. అంతే. ఎదురుపడితే నేనటు, తనిటు.

"చివరి గది?" అన్నాడాయన.

"ఖాళీ" అన్నాను.

లోపల నలుగురున్నారు బాబూ. పొయ్యి పొగ వరండాలోకే కనిపిస్తోంది. మెడ తిప్పితే చాలు. తిప్పలేదు. ఖాళీ అని రాసి, గీత కొట్టి, కాఫీ తాగి పోయాడు.

మళ్ళీ వారానికే మాటలు కలిశాయి. నా కాన్పుకి నీళ్ళు కాచింది ఆమే. మా ఆయన పోతే నాకు ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఆమే. ఈ ముక్క మాత్రం నా నోరు దాటలేదు. ఆ కాగితం ఏ చెదలకో పోయుంటుందిలే అనుకున్నాను. మీరేమో బీరువాలో, కలరా ఉండలు వేసి మరీ దాచారు!

రాసుకోండి. అబద్ధం చెప్పింది నేను. సంతకం కావాలా, వేలిముద్ర కావాలా?

ఏంటీ? నోటిమాట చెల్లదా? రుజువు కావాలా? ఆహా! ఖాళీ అంటే ఒక్క ముక్కకి రాసేశారు. నలుగురున్నారంటే మాత్రం కాగితాలు తేవాలి!

సరే, మూసేయండి. నా జాగా చీటీ ఇటివ్వండి. అందులో సగం నీదే అని ఆమెకు చెప్తాను. ఎందుకని అడుగుతుంది. అదీ చెప్పాలి. విన్నాక ఆ చీటీ చింపి నా మొహాన కొడుతుంది.

కొట్టనీ. నేనైనా అదే చేసేదాన్ని.