మావి చేయని పని

“గడ్డం ఎందుకు వచ్చిందని ఊరంతా అడిగింది. బిడ్డ పుట్టిన మూడు నెలలకే ఆ గడ్డం ఎందుకు పోయిందని ఒక్కరైనా అడిగారా?”

(1965. కరీంనగర్‌లో లేడీ డాక్టరు లీలాబాయి గది. ఎదురుగా హుజూరాబాదు నుంచి వచ్చిన నేతపని చేసే శంకరవ్వ. ఆమె కోడలు సక్కుబాయి మూడు నెలల బిడ్డతో తలుపు బయట కూర్చుని ఉంది.)

“గదంత మాకేం తెల్సు డాక్టరమ్మా. జర కాయితం రాసియ్యుండ్రి, మేం పోతం. బస్సు యాళ్లయితున్నది.”

“ఏమని రాయాలి?”

“కోడలు ఆడిది కాదని.”

“బిడ్డను కన్నది.”

“కన్నది. కని ఏం లాభం? ఆరో నెలల మీసం మొలిచింది. ఏడో నెలల గడ్డం. గొంతు మొగోని లెక్క. ఎన్కనుంచి పిలుస్తె మా అంబదాసే అనుకొని ‘ఏం కొడుకా’ అని పలికిన. నవ్వుతున్నరా మీరు?”

“లేదు. చెప్పు.”

“పుట్టిన పిల్లనన్న సక్కగ పుట్టిందా? బట్ట తీసి చూస్తె ఆడో మొగో తెల్వదాయె. మంత్రసాని రామవ్వ మొకం తిప్పుకున్నది. కులపెద్దలు కూసున్నరు. డాక్టరు కాయితం తెస్తె తెగదెంపులు అన్నరు. మావోనికి ఇచ్చోడ ఊర్ల ఇంకో పిల్లను గూడ చూసిండ్రు.”

“అంటే కాగితం రాకముందే పెళ్లి.”

“పెండ్లి గాదు, చూసుడే.”

“పోయిన నెల బిడ్డ బుగ్గ లోపలి పొర గీకి హైదరాబాదుకు పంపాను. నిన్న జవాబు వచ్చింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఆడపిల్ల. సందేహం లేదు.”

“మరి గా… గట్లెందుకున్నది?”

“విను. కడుపులో ఉన్న ప్రతి బిడ్డ ఒంట్లోనూ మగతనం తెచ్చే రసం ఒకటి పుడుతుంది, ఆడబిడ్డ అయినా సరే. అది బిడ్డను తల్లితో కలిపే మావిలోకి వస్తుంది. మావి దాన్ని ఆడ రసంగా మారుస్తుంది. తెల్ల నూలు రంగు కాగులో మునిగి ఎర్రగా తేలినట్టు. కాగులో రంగే లేకపోతే?”

“తెల్ల నూలు తెల్లగనే ఎల్తది.”

“అదే జరిగింది. మారని రసం తల్లి నెత్తుటిలోకి వచ్చింది, మీసం మొలిచింది. బిడ్డలోనూ నిలిచింది, ఒంటి తీరు మారింది. కాన్పుతో మావి బయటపడింది, రసం ఆగింది, గడ్డం పోయింది. ఇందులో నీ కోడలి తప్పు ఎక్కడుంది? చూపించు.”

“గిది పుస్తకంల రాసి ఉన్నదా?”

“మావి ఆ పని చేస్తుందని రాసి ఉంది. ఈ ఏడెనిమిదేళ్లలో తేలిన సంగతి. చేయకపోతే ఏమవుతుందో నేనెక్కడా చదవలేదు. అది నా అనుమానం. అనుమానాన్ని అనుమానమనే చెప్తున్నాను, మీ కులపెద్దల్లాగా తీర్పు ఇవ్వడం లేదు. ఆ మావి ఏమైంది?”

“ఏమైతది? ఉప్పేసి, పసుపు కుంకుమ వెట్టి, కుండల వెట్టి పెరట్ల పాతినం.”

“పని చేయనిదానికి పసుపు కుంకుమ. ఏ తప్పూ చేయనిదానికి తెగదెంపులు.”

“మా రివాజమ్మా అది. ఎక్కిరియ్యకుండ్రి.”

“సరే. సక్కుబాయి నీ కోడలు కాకముందు నీకేమవుతుంది?”

“మా తమ్ముడు బాలమల్లు బిడ్డ.”

“నీ పెనిమిటి?”

“నా మేనమామనే. ఎందుకడుగుతున్నరు?”

“ఇలాంటి లోపం తల్లివైపుదీ తండ్రివైపుదీ కలిస్తేనే బయటపడుతుందని నా అంచనా. మీ ఇంట్లో రెండు వైపులూ ఒక్కటే. ఇంతకుముందు ఎవరికైనా ఇలా అయిందా?”

“కాలే.”

“ఆలోచించి చెప్పు.”

“కాలే అంటున్న గద! మా ఇంట్ల గసొంటిది లేదు. పిల్ల పుట్టిన గడియ మంచిగ లేదు, గంతే. ఊకె పరేషాన్ చేస్తరేంది?”

“చెప్పకపోతే పోనీ. జాగ్రత్తలైనా విను. మళ్లీ కడుపు నిలిస్తే గడ్డం మళ్లీ రావచ్చు. అప్పుడు కాన్పు ఇంట్లో కాదు, నా దగ్గర. ఈ పిల్లకు ఈడు వచ్చినా దానంతట అది పెద్దమనిషి కాకపోవచ్చు. మావి చేయని పని పిల్ల ఒంట్లోనూ జరగకపోవచ్చు కదా. దానికి మందు ఉంది, తీసుకురావాలి. ఇక సక్కుబాయి గొంతు, చాలావరకు తిరిగి…”

“గొంతు రాదు.”

“ఏమన్నావు?”

“గడ్డం పోతది. గొంతు గట్లనే ఉంటది. బతుకమ్మకు పోతె పెదాలు కదిలియ్యాలె, గంతే. పాట బయటికి రానియ్యద్దు.”

“నీకెలా తెలుసు?”

“ఏమో. ఊకెనే గట్లన్న.”

“శంకరవ్వా, నీకెలా తెలుసు?”

“బస్సు పోతదమ్మా.”

“పోనీ.”

“రజాకార్ల లొల్లికి ఆరేండ్ల ముందు ముచ్చట. అంబదాసు గూడ పుట్టలే ఇంక. నాకు గూడ మొలిచింది. నన్ను గన్న మా అవ్వ పొద్దుగాల్నే తలుపేసి మంగలికత్తితోని గీకేది. ఎవ్వలకు చెప్పనియ్యలే. బిడ్డ గిట్లనే పుట్టింది. ఏడ్చింది గూడ. జోరుగ ఏడ్చింది.”

“తరువాత?”

“మావి కుండ జర పెద్దది తెమ్మన్నది మా అవ్వ. రెండూ అండ్లనే పట్టాలె గద.”

“నెమ్మదిగా మాట్లాడు. కోడలు బయట వింటుంది.”

“విననియ్యుండ్రి. సక్కూ! బిడ్డకు ఎండ తగుల్తున్నది, లోపటికి రా. ఇచ్చోడ పిల్ల ముచ్చట బందు. కులపెద్దలకు నేను చెప్త, నా నోటితోని నేనే చెప్త.”

“కాగితం రాస్తాను. సక్కుబాయి ఆడది, ఆమె బిడ్డ ఆడపిల్ల అని.”

“నాదాన్ని గూడ రాయుండ్రి. ఆడిపిల్లనే గదా అది?”

“ఆడపిల్లే.”

“మీరు పత్రికలకు రాస్తరట గద. గిది రాయుండ్రి. చదివేటోళ్లకు నా మాటగ చెప్పుండ్రి: మీ ఇంట్ల ముసలామెను పక్కన కూసోవెట్టుకొని అడుగుండ్రి, ఎంతమందిని కన్నవవ్వా, మాకు ఎంతమందిని చెప్పినవు అని. ఇయ్యాల్నే అడుగుండ్రి. ఆమె చెప్పేదాక లేవకుండ్రి.”