ఏడో నంబరు అరచెయ్యి

జపాన్‌లోని కనజావాలో ఒక ఆసుపత్రి ల్యాబు. అరచెయ్యి ఆకారంలో బ్యాక్టీరియా మొలిచిన జెల్లీ పళ్ళేన్ని ల్యాబు నిపుణురాలు సర్జన్ ముందు ఠక్కున పెట్టింది.

“మూడో గది పెద్దాయన పుండులో పెరిగిన రకమే, డాక్టరుగారూ.”

“నే చెప్పలా? ఆ నర్సు మినెగిషి చేతులనుంచే అంటుకుంది! అందుకే అందరి ముందూ క్షమాపణ పత్రం రాయించా.”

“సోమవారం మీతో సహా వార్డు సిబ్బందంతా తలో జెల్లీ పళ్ళెం మీద చెయ్యి నొక్కారు. దీనిమీద పేరు లేదు, ఏడో నంబరని ఉందంతే.”

“పేరెందుకమ్మా? ఆ పిల్లదే!”

“సరిగ్గా చూడండి! వేలి మొదట్లో ఉంగరం అచ్చు. దాని చుట్టూ ఎంత దట్టంగా పెరిగిందో! నర్సులు ఉంగరాలు తీసేసిగానీ వార్డులో అడుగుపెట్టరు.”

ఆయన ఎడమచెయ్యి మెల్లగా కోటు జేబులోకి వెళ్ళింది.

“దాచకండి. కాగితం, కలం ఇక్కడే ఉన్నాయి. మినెగిషిని కూడా రమ్మన్నాను.”