పుట్టిన ఏడు లెక్క

రేక్యవిక్ నగరం చివరి పేట. నవంబరు నెల, శుక్రవారం, రాత్రి ఎనిమిది దాటింది. పన్నెండేళ్ళ దాకా పిల్లలు ఎనిమిదికి, పదమూడు వచ్చినవాళ్ళు పదికి ఇల్లు చేరాలని అక్కడి రూలు. వేళ మీరి తిరిగే పిల్లల్ని ఇళ్ళకు పంపడానికి ఇద్దరు తల్లులు పసుపు చొక్కాలు తొడుక్కుని వీధుల్లో తిరుగుతున్నారు. ఎల్వాకు ఈ వంతు ఇదే మొదటిసారి. రగ్గా అయితే ఆ చొక్కాతోనే పుట్టిందని పేటంతా వేళాకోళం చేస్తుంది.

"అటొద్దులేవే ఎల్వా, బడి వెనకనుంచి పోదాం."

"బడి వెనక రెండుసార్లు తిరిగాం రగ్గా. అక్కడ పిల్లి తప్ప ఎవరూ లేరు. దాని వయసు అడుగుతావా ఏంటి?"

"సరే, ఆటస్థలం చూద్దాం."

"మోకాల్లోతు మంచులో ఎవడాడతాడే? బస్టాపు చూద్దాం, పద."

"బస్టాపులో ఎవరుంటారు? అక్కడేముంది?"

"పిల్లలు చేరేది బస్టాపులోనే అని ప్రతి మీటింగులో ఊదరగొట్టేది నువ్వే కదా."

"అది వేసవిలో. ఈ చలిలో ఎవరొస్తారు? ఇదిగో, ఫ్లాస్కులో కాఫీ ఉంది, రెండు గుక్కలు తాగు."

"నీ కాఫీ నువ్వే తాగు. బస్టాపంటే ఎందుకలా జంకుతున్నావ్?"

"నాకేం జంకు? నీ కోసమే. ఇంకా ఏడాదైనా నిండలేదు..."

"నిండింది. నిన్నటికి."

"తెలుసే. నాకు తెలీదనుకున్నావా? నిన్న మీ ఇంటి ముందు దాకా వచ్చి వెనక్కి పోయాను."

"తలుపు తట్టొచ్చుగా?"

"ఏమో... చేతులు రాలేదు."

"నెల రోజులు నా పక్కనే పడుకున్నావ్. చేపల పులుసు కాచి, పసిపిల్లకి పెట్టినట్టు పెట్టావ్. నీకు చేతులు రాకపోవడమేంటే?"

"వదిలెయ్. మంచు మళ్ళీ పడేట్టుంది. ఇంటికి పోదాం."

"నేను పోను. ఈ చొక్కా అడిగి మరీ ఎందుకు తొడుక్కున్నాననుకున్నావ్? ఊళ్ళో పిల్లల్ని ఉద్ధరించడానికా? నాకొక్కటే తెలియాలి రగ్గా. నా కొడుకు టూమి బస్టాపులోంచి ఎందుకు కదిలాడు? అంతే. ఆ వేళకి అక్కడ నిలబడి చూడాలి."

"నిలబడితే తెలుస్తుందా?"

"తెలీకపోతే తెలీదు. రోజూ కళ్ళు మూస్తే అదే. నేను పనిచేసే ఈతకొలనులో ఎవరిదో పుట్టినరోజు. కేకు కోస్తాం ఉండవే ఉండవే అన్నారు. ఉన్నాను. ఒక్క ముక్క కేకు కోసం బస్సు వదులుకున్నాను. వాడి ఫోనేమో చలికి చచ్చి ఊరుకుంది. ఎనిమిదీ పదికి దిగాల్సినదాన్ని ఎనిమిదీ నలభైకి దిగితే, స్టాపు ఖాళీ."

"నీ తప్పేం లేదని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావ్. నువ్వు చెప్పిన ప్రతిసారీ నాకు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకో. 'నేను దిగేదాకా కదలకు నాన్నా, కలిసి నడిచిపోదాం' అన్నాను వాడితో. ఎప్పుడూ కదలడు. ఆ ఒక్క రోజే విసిగిపోయాడు. అమ్మ రాలేదని కోపమొచ్చి, దగ్గరి దారని గడ్డకట్టిన సరస్సుకి అడ్డంగా పోయాడు. అక్కడ ఇళ్ళనుంచి వచ్చే వేడినీళ్ళు కలుస్తాయనీ, మంచుగడ్డ పలచగా ఉంటుందనీ మూడో క్లాసునుంచీ తెలిసినవాడు. నా మీద కోపంతోనే దాని మీదికి పోయాడు, అది విరిగింది."

"అలా అనకే. దండం పెడతాను, అలా అనకు."

"ఆగు. స్టాపులో ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరు. నీకు రోజూ కనిపిస్తూనే ఉంటాడు..."

"రోజూ కనిపించేవాడు కదలడు రగ్గా. ఇక్కడున్న మనిషి చలికి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటోంది. చూడు, నీలం టోపీ. ఆడపిల్ల. ఏయ్ పాపా! ఎవరి పిల్లవే నువ్వు?"

"నా పేరు సున్నేవా. కొత్త మేడల్లో ఉంటాం. మా నాన్న ఈ బస్సుకొస్తాడు. మీరు ఇంటికి పొమ్మంటారా?"

"నేను కొత్తదాన్నమ్మా. ఇదిగో, పెద్దామె చెబుతుంది. రగ్గా, అడగవేం? చూడబోతే పన్నెండేళ్ళున్నట్టున్నాయి. ఎనిమిది దాటింది. ఈపాటికి ఇంటిదాకా తరిమేసి ఉండాలే నువ్వు?"

"...పదమూడు ఎప్పుడు నిండుతాయి తల్లీ?"

"డిసెంబరులో. క్రిస్మసుకి రెండు రోజుల ముందు."

"అయితే పర్లేదు. పది దాకా ఉండొచ్చు. మీ నాన్న వచ్చేదాకా ఇక్కడే ఉండు. ఆ గాజు పలక చాటుకి జరుగు, గాలి కొట్టదు."

"అదేంటే? ఇంకా పన్నెండేగా దానికి?"

"పుట్టినరోజు లెక్క కాదు ఎల్వా, పుట్టిన ఏడు లెక్క. పదమూడు నిండే ఏడైతే జనవరినుంచే పదమూడు కింద లెక్క. ఫ్రిజ్ మీద అంటించుకునే ఆ అయస్కాంతం బిళ్ళ లేదూ, వేళలు వేసి పంచుతారు చూడు, దాని మీదే ఉంటుంది. కింద, చిన్న అక్షరాల్లో."

"మా బళ్ళోనూ అదే చెప్పారు."

"చూశావా, ఆ పిల్లకీ తెలుసు. పద, పోదాం."

"ఉండు. నువ్వెప్పుడు చదివావ్ ఆ చిన్న అక్షరాలు?"

"ఎప్పుడో. గుర్తులేదు."

"పోయిన వేసవిలో కాదు, ఆ ముందు వేసవిలో, మా పెరట్లో టూమితో పోట్లాట పెట్టుకున్నావు. పుట్టినరోజు రాకుండా పదమూడెలా వస్తాయిరా వెధవా అన్నావ్. వాడు నవ్వితే చెవి మెలేశావు."

"అప్పుడు తెలీదు. తరవాత చదివాను."

"తరవాతంటే?"

"చలికాలంలో."

"ఏ చలికాలం?"

"పోయినేడు. డిసెంబర్లో... వదిలెయ్యవే, చలిగా ఉంది."

"పోయినేడు డిసెంబరులో మనం వాణ్ణి మట్టిలో పెట్టాం. ఆ నెలలో మా ఇంట్లోనే ఉన్నావ్. మా ఫ్రిజ్ ముందు నిలబడి ఆ బిళ్ళ చదువుకున్నావా? ఎందుకూ? ఆ నెలలో ఏ పిల్లాడి వయసు లెక్క కావాల్సొచ్చింది నీకు?"

"ఎల్వా..."

"ఆ రాత్రి వంతు ఎవరిది?"

"నాదీ, గ్వుడ్నీదీ. దానికి జ్వరమని రాలేదు. ఒక్కదాన్నే తిరిగాను."

"పోలీసులకి ఎవరూ కనబడలేదని చెప్పావ్."

"చెప్పాను."

"నాకూ చెప్పావ్. ఏడాదిగా చెబుతున్నావ్. రగ్గా, నా కళ్ళల్లోకి చూసి చెప్పు. కనబడ్డాడా?"

"...కనబడ్డాడు."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఆ పిల్ల నిలబడ్డ చోటే. ఎనిమిదింపావు అయ్యుంటుంది. ఎనిమిది దాటిందిరా, ఇంటికి నడువు అన్నాను. 'రగ్గా, నేను పదమూడు కింద లెక్క, పది దాకా ఉండొచ్చు' అన్నాడు. నాకే రూల్సు నేర్పుతావా అన్నాను. పదేళ్ళుగా తిరుగుతున్నదాన్ని, ఎవడైనా ఎదురు చెబితే ఒళ్ళు మండేది నాకు. ఇప్పటికీ ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టు లేదే. వేరే ఎవత్తో అరిచినట్టే ఉంటుంది చెవిలో."

"వాడు చెప్పిందే నిజం."

"వాడు చెప్పిందే నిజం."

"విసిగిపోయి ఉన్నాడా? అమ్మ రాలేదని తిట్టుకుంటున్నాడా?"

"లేదే. పాట పాడుకుంటున్నాడు. బెంచీ మీద మంచు ముద్దలు వరసగా పేరుస్తున్నాడు. నిన్ను కొట్టడానికట. దిగగానే మొదటిది అమ్మకే అన్నాడు."

"...కోపం లేదన్నమాట."

"ఇసుమంత కూడా లేదు. ఒట్టు."

"ఈ మాట చెప్పడానికి ఏడాది పట్టిందా నీకు? నేను రాత్రుళ్ళు గోడకి తల బాదుకుంటుంటే పట్టుకున్నావే నువ్వు! ఈ చేతుల్తోనే పట్టుకున్నావే!"

"చెబుదామనే వచ్చేదాన్ని. నీ మొహం చూశాక పొయ్యి వెలిగించేదాన్ని. ఇంకేం చెయ్యాలో తెలిసేది కాదు."

"ఆంటీలూ, బస్సొస్తోంది. అదిగో లైట్లు."

"రానీయమ్మా. నువ్వు మాత్రం మీ నాన్న దిగేదాకా ఒక్క అడుగు వెయ్యకు. రగ్గా, ఇటు తిరుగు. ఇంకోటి చెప్పు. నా కొడుకు మొండి. ఉండమన్నానంటే ఉంటాడు. నువ్వు అరిస్తే కదిలే రకం కాదు."

"కదల్లేదు. 'అమ్మ ఉండమంది' అన్నాడు. అరిచినకొద్దీ అదే మాట. మూడుసార్లు అన్నాడు."

"మరి? పోలీసులు మంచు మీద అడుగులు చూపించారు నాకు. నడక కాదు, పరుగు. అంత దూరం దూరంగా పడ్డాయి అడుగులు. ఎవరికి భయపడి అంత పరుగు పెట్టాడు?"

"భయపడి కాదు."

"ఏం చెప్పావ్ వాడికి?"

"వద్దు ఎల్వా. అదొక్కటీ అడక్కు."

"ఏం చెప్పి పంపావే నా కొడుకుని?"

"'నువ్వు రాకముందే మీ అమ్మ వచ్చేసిందిరా, ఇంట్లో నీ కోసం చూస్తోంది' అన్నాను."